చేదుగడ్డల మొదటి ముద్ద

నా చిన్నప్పుడు నాకు భయం వేయని వస్తువంటూ ఉండేది కాదు. పులికి భయం, పాముకి భయం అంటే అందరికీ ఉండేవే. నాకు ఇప్పచెట్ల కింద ఎండుటాకుల చప్పుడంటే భయం. బీజాపూర్ నుంచి వచ్చే సర్కారు చాప్రాసీ నడుముకు కట్టుకున్న ఎర్ర పటకా అంటే భయం. దూలం మీద బల్లి కదిలినా భయమే. నాకంటే చిన్నవాడైన మా తమ్ముడికి దేనికీ భయం లేదు. వాడి వంతు భయం కూడా నేనే పడేదాన్ని. "ఇది పుట్టంగనే ఏడ్వలే, ముందు గజగజ వణికింది" అని మా అవ్వ నలుగురిలో వేళాకోళం చేసేది. అందరూ నవ్వేవాళ్లు, ఆ నవ్వుకూ నేను ఉలిక్కిపడేదాన్ని.

మాది బస్తర్ రాజ్యానికి దక్షిణపు అంచు. తర్రెం దాటి ఇంకా లోపలికి రావాలి. ఇంట్లో తెలుగు, పొలంలో దొర్లీ, సంతలో హల్బీ మాట్లాడేవాళ్లం. సర్కారు మనిషి వస్తే ఏ భాషా అక్కర్లేదు, చేతులు కట్టుకుని నిలబడితే సరిపోయేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వడ్లు కంకి వేయకుండానే ఎండిపోయాయి. ఎద్దులు రెండూ పోయాయి. మా నాయనను సర్కారు రోడ్డు పనికి వెట్టి బేగారికి పట్టుకుపోయారు. కూలీ ఇవ్వరు, ఎప్పుడు వదులుతారో చెప్పరు. ఇప్పపువ్వు కూడా ఆ ఏడు పలచగానే రాలింది. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, తమ్ముడు మిగిలాం. మాకు మిగిలిన తిండి ఒక్కటే, అడవిలో దొరికే చేదుగడ్డలు.

చేదుగడ్డ సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. అది పెండలం లాంటిదే, తీగ కింద భూమిలో ఊరుతుంది. పచ్చిది తింటే గొంతు మండిపోతుంది, తల తిరుగుతుంది, ఎక్కువ తింటే మనిషి దక్కడు. అందుకని దాన్ని పలచగా చెక్కలు కోసి, బూడిద పట్టించి, పారే వాగులో బుట్టతో సహా ముంచి రోజుల తరబడి ఉంచేవాళ్లు. నీళ్లు పారుతుంటే చేదు కొంచెం కొంచెంగా దిగిపోతుంది. ఆ తర్వాత ఎండబెట్టి దాచుకుంటే వానాకాలం అంతా ఆసరా. వాగు ఇంకా సన్నగా పారుతుండగానే మా అవ్వ తెలివిగా గడ్డలన్నీ తవ్వించి, నానబెట్టి, పెద్ద బుట్టెడు చెక్కలు సిద్ధం చేసింది. సామలు చేతికొచ్చేదాకా నలుగురి ప్రాణాలూ ఆ బుట్టలోనే ఉన్నాయి. పూర్తిగా ఎండలేదని రోజూ పొద్దున్నే వాకిట్లో చాప మీద పరిచి, సాయంత్రం బుట్టకెత్తేది.

దానికి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. చెక్కలను ఎవరు నీళ్లలో వేశారో వాళ్లే మొదట తినాలి. ఎంత ఆకలిగా ఉన్నా మిగతావాళ్లు ముట్టకూడదు. మా అవ్వ ఒక ఆకులో పెట్టుకుని తినేది. మేం ఖాళీ ఆకులు ముందేసుకుని, కొట్టం నీడ జరిగి రోలు దాకా వచ్చేవరకు ఆమె మొహం చూస్తూ కూర్చునేవాళ్లం. నీడ రోలుకు తగిలాక అవ్వ "తినుండ్రి" అనేది. మా తమ్ముడు ఆ నీడను చేతుల్తో తోసేవాడు, తొందరగా జరగమని. నేను మాత్రం అవ్వ పెదాలు చూస్తూ ఉండేదాన్ని. ఒక్కసారి ఆమె గొంతు సవరించుకుందంటే నా గుండె ఆగినంత పనయ్యేది.

ఇలా ఉండగా ఎండలు ముదిరిన రోజుల్లో మొక్కల పంతులు వచ్చాడు.

గోదావరి కింది జిల్లాలో ఏదో కాలేజీలో చెట్ల చదువు చెప్పే ఆయన. రాజ్యం వాళ్ల అనుమతి కాగితం చేతిలో ఉంది. చాప్రాసీ బండి మీద తీసుకొచ్చి పటేలుకు అప్పజెప్పి, మళ్లీ వచ్చి తీసుకుపోతానని వెళ్లిపోయాడు. ఎద్దులు పోయి మా కొట్టం ఖాళీగా ఉందని పటేలు ఆయన్ను మా ఇంట్లోనే దింపాడు. బక్కపలచని మనిషి, కళ్లజోడు, మోకాళ్ల దాకా మేజోళ్లు. అవన్నీ నేను తర్వాత చూశాను. మొదట చూసింది ఆయన భుజాన ఉన్న గోతాం.

అప్పట్లో ఊళ్లలో ఒక పుకారు తిరుగుతోంది. ఎక్కడో నది మీద వంతెన కడుతున్నారట, స్తంభాలు నిలవడం లేదట, ఒక్కో స్తంభం కింద ఒక్కో పిల్లను పాతిపెడితే గానీ నిలవవట. అందుకోసం గోతాలేసుకుని మనుషులు తిరుగుతున్నారట. ఆ గోతాం చూడగానే నేను గాదె వెనకాల దూరి, అమ్మ ఎంత పిలిచినా బయటికి రాలేదు. అవ్వ వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయి ఆ మనిషి ముందే నిలబెట్టింది. "పంతులయ్యా, నీ సంచిల ఏమున్నదో ఈ పిల్లకు చూపెట్టు. లేకుంటే ఇది బువ్వ తినదు" అంది. ఆయన గోతాం బోర్లించాడు. పాత కాగితాలు, వాటి మధ్య అణిచిపెట్టిన ఆకులు, పూలు, ఎండిన తీగ ముక్కలు. పిల్లలెవరూ లేరు. నాకు ఏడుపు ఆగిపోయి, ఇంత దూరం ఎండుటాకుల కోసం వచ్చాడా అని ఆయన మీద జాలి కలిగింది.

ఆయన వచ్చింది అడవి గడ్డల కోసమే. పెరట్లో పెండలం, అడవిలో చేదుగడ్డ, ఇంకా ఎన్నెన్నో రకాలు, వీటన్నిటికీ ఒకదానితో ఒకదానికి ఉన్న చుట్టరికం తేల్చాలని ఆయన పట్టుదల. ఎన్నో తరాలు వెనక్కి వెళితే వీటన్నిటి ముత్తవ్వ ఒక్కతే అనేవాడు. అవ్వ తోడు వెళితే ఆమె కొంగు పట్టుకుని నేనూ అడవి అంచు దాకా వెళ్లేదాన్ని. ఎండిపోయి చెట్లకు వేలాడుతున్న తీగలను వేలితో తడిమి చూపించేవాడు. పెండలం తీగ చెట్టును ఒక వైపుగా చుట్టుకుంటే, చేదుగడ్డ తీగ దానికి ఎదురు వైపుగా చుట్టుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న తీగలే, అది మాత్రం నాకు ఎప్పుడూ కనపడలేదు. అవ్వకు తెలుసో లేదో గానీ "గంతేగా" అని ఊరుకుంది.

నాకు ఆయన నచ్చడానికి అసలు కారణం వేరే ఉంది. ఆయన కూడా నాలాగే భయస్తుడు. తాలిపేరు నది దారిలో ఆ వేసవిలో ఒక పులి మనుషుల మీద పడుతోంది. ఇద్దరు ముగ్గురు పోయాక ఆ దారి తొక్కేవాళ్లే లేరు. ఆ మాట విన్న రోజు నుంచీ ఆయన అడవిలో ఆకు కదిలితే చాలు, అవ్వ వెనక్కి వచ్చి నిలబడేవాడు. దాచుకునేవాడు కూడా కాదు. "నాకు భయంగా ఉందమ్మా, ఇక వెనక్కి వెళదాం" అని పైకే అనేవాడు. పెద్దమనిషి, మగమనిషి, అలా అనడం నేను అంతకుముందు వినలేదు. తెచ్చుకున్న బియ్యం మూట వచ్చిన రోజే మా వంటింట్లో పెట్టేశాడు. అది అయిపోయాక మాతో పాటే చేదుగడ్డల ముందు కూర్చున్నాడు. అవ్వ ముందుగా ఎందుకు తింటుందో, మేం ఎందుకు ఆగుతామో నన్ను అడిగాడు. నేను మా కట్టుబాటు అంతా చెప్పాను. "నీళ్లలో వేసినవాళ్లేనా? ఇంకెవరూ తినకూడదా?" అని రెండోసారి అడిగి గుర్తుపెట్టుకున్నాడు.

పొరపాటు ఎలా జరిగిందో చెబుతాను. ఒకరోజు అవ్వ, అమ్మ మమ్మల్ని తీసుకుని తునికాకు కోతకు వెళ్లారు. పంతులు ఆ రోజు నాలుగైదు తావుల్లో తవ్విన చేదుగడ్డలను ఇంట్లో కూర్చుని చెక్కలు కోశాడు. గడ్డలు గడ్డలుగా తీసుకుపోతే దారిలో కుళ్లిపోతాయని, ఎండబెట్టి తీసుకుపోదామని ఆయన ఆలోచన. వాకిట్లో చాప మీద అచ్చం అలాంటి చెక్కలే ఆరుతున్నాయి. మేం ముందు ఎండబెట్టి ఆ తర్వాత నీళ్లలో వేస్తామని ఆయన అనుకున్నాడు. అంటే అవన్నీ పచ్చివేనని ఆయన లెక్క. మా చెక్కల పక్కనే, అదే చాప మీద తనవీ పొందికగా పరిచి, మళ్లీ అడవి అంచుకు వెళ్లాడు. సాయంత్రం మేం వచ్చేసరికి ఎండకు అన్నీ ఒకే తెలుపులోకి తిరిగాయి. ఈ రోజు చెక్కలు బాగా ఎండాయని సంతోషపడుతూ అవ్వ అన్నీ కలిపి బుట్టకెత్తేసింది.

మర్నాడు పొద్దున పంతులు వచ్చి "నా ముక్కలు ఎక్కడ పెట్టారు?" అని మామూలుగా అడిగాడు.

అవ్వ "నీ ముక్కలేంది?" అంది. ఆయన చాప వైపు చూపించాడు. పొయ్యి మీద అప్పటికే కుండ మరుగుతోంది. అమ్మ కట్టెలు లాగేసింది. ఇంతలో నాకు బుట్ట పక్కన కూర్చున్న తమ్ముడు కనపడ్డాడు. వాడి దవడ ఆడుతోంది. ఎండు చెక్క దొంగతనంగా నోట్లో వేసుకుని నానబెట్టుకుంటూ ఉండటం వాడికి అలవాటు. నేను వాడి వైపు వేలు చూపించాను. అవ్వ ఒక్క ఉదుటున వెళ్లి వాడి నోట్లో రెండు వేళ్లు పెట్టి ఆ ముక్క బయటికి లాగింది. వాడి చెంపలు పట్టుకుని కక్కించింది, చింతపండు పులుసు నీళ్లు తాగించి మళ్లీ కక్కించింది. అమ్మ వాడిని ఒళ్లో వేసుకుని "బిడ్డా, గొంతు మండుతాందా, చెప్పు బిడ్డా" అని అడుగుతూనే ఉంది. వాడు ఏడుస్తూ ఆకలవుతోందన్నాడు. వాడు కొరికింది మంచి చెక్కేనో, మింగేలోపే బయటికి వచ్చిందో, మొత్తానికి వాడికేమీ కాలేదు. కానీ ఆ పూటంతా వాడు ఆవులిస్తే కూడా అమ్మ వణికిపోయింది.

పంతులు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేదేమో. కాసేపటికి తేరుకుని బుట్ట ముందు కూర్చుని ఒక్కొక్క చెక్కా భూతద్దం పెట్టి చూశాడు. ఏదీ తెలియలేదు. అవ్వ కూడా వాసన చూసింది, వేళ్లతో విరిచి చూసింది. ఆమెకూ తెలియలేదు. ఇద్దరూ కలిసి నాలుక మీద పెట్టుకుని చూద్దామనుకున్నారు. నాలుగైదు చెక్కలకే నాలుక మొద్దుబారి దురద పుట్టింది. ఆ తర్వాత మంచిదీ చెడ్డదీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన చదువూ, ఆమె అనుభవమూ రెండూ ఆ బుట్ట ముందు చేతులెత్తేశాయి.

పారబోద్దామంటే తినడానికి ఇంకేం లేదు. మళ్లీ పారే నీళ్లలో వేద్దామంటే వాగు ఎండిపోయి చెలమలు మిగిలాయి. నీళ్లు పారేది తాలిపేరులో మాత్రమే, ఆ దారిలో పులి ఉంది. చివరికి అవ్వ, "రేపు పొద్దుగాల చెలమల్నే ఏస్త. నీళ్లు మార్చుకుంట చూస్త. ఎన్ని దినాలైనా మార్చుత" అంది. ఆ మాటలో ధీమా లేదని నాకే తెలిసిపోయింది.

పొద్దున లేచేసరికి బుట్ట లేదు, కొట్టంలో పంతులూ లేడు. తిండి తీసుకుని పారిపోయాడని అమ్మ గొల్లుమంది. నేను పంతుల్ని నమ్మాను కాబట్టి నాకు ఇంకా ఎక్కువ బెంగ పట్టుకుంది. పరిగెత్తుకుంటూ వాగుకు వెళ్లాం. ఆయన ఇసుకలో మోకాళ్ల లోతు చెలమ తవ్వి, బుట్ట అందులో ముంచి, దోసిళ్లతో పాత నీళ్లు తోడిపోస్తున్నాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అవ్వ కోప్పడి ఆ పని తాను చేస్తానంది. "తప్పు నాది, ఈ కాస్త పనైనా చెయ్యనివ్వండి" అన్నాడు. సరే పాపం, మనసు కుదుటపడుతుందిలే అని ఆమె ఒప్పుకుంది. ఆ తర్వాత రోజూ రెండు పూటలా నీళ్లు తోడింది ఆయనే. ఇంకెవరినీ ఆ బుట్ట మీద చెయ్యి వేయనివ్వలేదు.

ఆ రోజులన్నీ మేం చింతచిగురు, తునికిపళ్లు, ఏది దొరికితే అది తిన్నాం. తమ్ముడి కడుపు లోపలికి పోయింది. చివరికి ఒకరోజు అవ్వ చాలన్నది. చెక్కలు ఉడకబెట్టి నీళ్లు వంచి, మళ్లీ ఉడకబెట్టి వంచింది. ఒక ఆకులో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. పంతులు వచ్చి ఆమె ముందున్న ఆకు మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"ఏంది పంతులయ్యా?" అంది అవ్వ.

"వీటిని నీళ్లలో వేసింది ఎవరు, అమ్మా?" అన్నాడు ఆయన.

తెల్లారకముందే బుట్ట ఎందుకు పట్టుకుపోయాడో, ఎవరినీ ఎందుకు ముట్టనివ్వలేదో అప్పుడు అర్థమైంది అవ్వకు. ఆ కట్టుబాటు ఆయనకు చెప్పింది నేనే.

"వద్దయ్యా, నీది పట్నం పాణం, తట్టుకోలేవు. నేను ముసలిదాన్ని, పోతే పోత" అంది అవ్వ.

"మీరు పోతే ఈ పిల్లలకు రేపు అడవిలో ఏది తినాలో ఎవరు చెబుతారు?"

"నువ్వు సర్కారు కాయితం మీద వచ్చినవు. మా ఇంట్ల నీకేమన్నయితే మమ్ముల గుంజుకపోతరు. నా కొడుకును ఇప్పటికే పట్టుకపోయిన్రు."

ఆ మాటకు ఆయన లేచి వెళ్లి పటేలును పిలుచుకొచ్చాడు. "నేను నా ఇష్టంతో, నా పొరపాటుకు తింటున్నాను, ఏం జరిగినా ఈ ఇంటివాళ్లకు సంబంధం లేదు, చాప్రాసీ వస్తే నువ్వు ఇదే మాట చెప్పాలి" అని అందరి ముందూ పటేలుతో అన్నాడు. పటేలు అవ్వ వైపు చూశాడు. అవ్వ తల దించుకుంది. కట్టుబాటు ఆమెదే, దాన్ని ఆమె ఎలా కాదంటుంది?

ఆయన తిన్నాడు. అవ్వ రోజూ తినేటంత కొలతే తిన్నాడు. తిని కొట్టం గుంజకు ఆనుకుని కూర్చుని, నన్ను దగ్గరికి పిలిచాడు. "నీడ వచ్చేదాకా మనం మాట్లాడుకుందాం. ఊరుకుంటే నాకు భయం ఎక్కువవుతుంది" అన్నాడు. ఈ గడ్డకు ఇంత చేదు ఎందుకో తెలుసా అని అడిగాడు. మమ్మల్ని చంపడానికి అన్నాను. ఆయన నవ్వి చెప్పసాగాడు. అడవిలో పందికి పరిగెత్తడానికి కాళ్లున్నాయి, ఎలుగుకి గోళ్లున్నాయి. తీగకు పారిపోయే దారి లేదు, కరిచే నోరు లేదు. లెక్కకందని కాలం కిందట, తియ్యటి గడ్డల మధ్య ఏదో ఒక గడ్డ కాస్త చేదుగా పుట్టింది. ఎవరూ అలా చేయలేదు, ఒక కడుపున పుట్టిన పిల్లలందరూ ఒక్కలా ఉండరు కదా, అలా పుట్టింది. పంది దాన్ని కొరికి ఉమ్మేసి పక్కదాన్ని తింది. చేదుది బతికింది. దాని పిల్లల్లో ఇంకాస్త చేదువి ఎక్కువ బతికాయి. అలా తరతరాలు గడిచి ఇంత చేదయింది. మరి పెరట్లో పెండలమో? ఎప్పుడో మీ అవ్వలకు అవ్వలు అడవిలో చేదు తక్కువున్న గడ్డలను ఏరి, తెచ్చి, కంచె లోపల పాతారు. కంచె కాపలా ఉంది కాబట్టి చేదు లేనివి కూడా బతికాయి. ఏటా వాటిలో మంచివే ఏరి పాతారు.

"ఈ ఏడు పెండలం ఎండిపోయింది, తియ్యటివన్నీ పందులు తవ్వుకు తిన్నాయి. మీకు మిగిలింది ఏది?" అని అడిగాడు.

"చేదుగడ్డ" అన్నాను.

"చేదుగా ఉంది కాబట్టే మిగిలింది. అందుకే ఒక్కటి చాలదు తల్లీ, అడవిలో అన్ని రకాలూ ఉండాలి. ఏ కరువుకు ఏది..."

అక్కడితో ఆగిపోయాడు. గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు. నేను నీడ వంక చూశాను, అది ఇంకా రోలుకు దూరంగానే ఉంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కళ్లజోడు తీసి పక్కన పెడుతుంటే అది జారి నేల మీద పడింది. "అమ్మా, తిరుగుతోంది" అన్నాడు. తర్వాత వంగి కక్కడం మొదలుపెట్టాడు.

ఆ పూట నేను పడ్డ భయం నా బతుకులో మళ్లీ పడలేదు. అవ్వ ఆయన తల ఒళ్లో పెట్టుకుని పులుసు నీళ్లు పోస్తోంది, కక్కిస్తోంది, మళ్లీ పోస్తోంది. అమ్మ తమ్ముడిని గట్టిగా పట్టుకుని దూరంగా గోడకు అతుక్కుపోయింది. ఎవరూ చెప్పకపోయినా మా అందరి తలల్లోనూ ఒక్కటే మాట మెదులుతోంది. అది వాడు తిని ఉంటే? ఇంత మనిషే ఇలా అయిపోతే, ఆ పిడికెడు కడుపు ఏమయ్యేది? పంతులు కళ్లు మూసుకుపోతున్నాయి. అవ్వ ఆయన చెంపలు తడుతూ "పండుకోకు కొడుకా, మాట్లాడు, ఏదన్న మాట్లాడు" అంటోంది. ఆయన నా వైపు చూసి, మాట ముద్దగా వస్తుంటే, "భయంగా ఉంది" అన్నాడు. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. నాకూ భయంగా ఉందని చెప్పాను. దేవుడా, ఈయనను చంపకు, నేను ఇక దేనికీ భయపడను అని మొక్కుకున్నాను. ఆ మొక్కు ఎలాగూ తీర్చలేకపోయాను.

నీడ రోలు దాటింది, వాకిలి దాటింది. ఎండ చల్లబడే వేళకు ఆయన కక్కడం ఆగి, మంచినీళ్లు అడిగాడు. నీళ్లు కడుపులో నిలిచాయి. అవ్వ అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఆమె కంట తడి చూడలేదు నేను.

ఆ సంగతి ఊరంతా పాకింది. పట్నపాయన మన పిల్లల కోసం ఇంత పని చేశాడా అని మర్నాడు పటేలు డోళ్లు తీయించాడు. గొడ్డళ్లు, బల్లేలు పట్టుకుని పాతికమంది దాకా కేకలు వేసుకుంటూ డోళ్లు వాయించుకుంటూ మా బుట్ట మోసుకుని తాలిపేరుకు వెళ్లారు. పులి ఎటు పోయిందో కనపడలేదు. పారే నీళ్లలో బుట్ట వేసి, మంటలు పెట్టుకుని, వంతులవారీగా కాపలా కాసి చేదు పూర్తిగా దించి తెచ్చారు. ఈసారి నీళ్లలో వేసింది అవ్వ. ఎవరూ తన చేతిలోంచి బుట్ట లాక్కోకుండా నది దాకా తానే వెళ్లింది. ఆమె తింటుంటే పంతులు మా పక్కన ఖాళీ ఆకు ముందేసుకుని కూర్చున్నాడు, ఇంకా నీరసంగానే ఉన్నాడు. మా తమ్ముడితో కలిసి నీడను తోశాడు. అవ్వకేమీ కాలేదు. ఆ ఏడు మేం నలుగురం బతికి బట్టకట్టాం. నాయన కూడా వానలకు ముందే ఇంటికి చేరాడు.

చాప్రాసీ బండి తెచ్చాక పంతులు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన చదువు ఎక్కడిదాకా వచ్చిందో, గడ్డల చుట్టరికం తేలిందో లేదో మాకు తెలియదు. ఆ తర్వాత రాజ్యం పోయింది, రోడ్లు వచ్చాయి, నేను పెళ్లయి దంతెవాడ వచ్చాను. ముళ్లున్న మొక్క కనపడినా, చేదు ఆకు నోటికి తగిలినా నాకు అప్పటిలా కోపం రాదు. పారిపోలేని ప్రాణం ఎన్ని తరాలు తంటాలు పడితే ఇది దక్కిందో అనుకుంటాను. నా పిరికితనాన్ని కూడా ఆ రోజు నుంచీ నేను తిట్టుకోవడం మానేశాను. ఆ కొట్టం గుంజకు ఆనుకుని కూర్చున్నాయన నాకంటే ధైర్యవంతుడేమీ కాదు. భయపడుతూనే ఆకు తన వైపు లాక్కున్నాడు.

నేను బిడ్డల్ని కన్న తర్వాత మా వంటింట్లో ఆ మొదటి ముద్ద ఆకు నా ముందుకు వచ్చింది. తొలకరికి కోడలు పుట్టగొడుగులు తెచ్చినా, ఎవరో తెలియని ఆకుకూర ఇచ్చిపోయినా ముందు నేను గిన్నెలోంచి పెట్టుకుని తినేస్తాను. అందరికంటే ముందు అవ్వకే ఆకలి అని మనవలు నవ్వుతారు. తిండిపోతు ముసలిది అని చిన్నది నా మొహం మీదే అంటుంది. అననీ. తిన్నాక ఏదో పని ఉన్నట్టు వాళ్లను కాసేపు ఆపుతాను. ఒకరికి చేతులు కడుక్కోమంటాను, ఇంకొకరిని నీళ్లు తెమ్మంటాను. వాళ్లు ఆకలేస్తోందని గోల చేస్తుంటే నేను గోడకు ఆనుకుని నవ్వుతూ కూర్చుంటాను. ఆ కాసేపూ నాకు భయంగానే ఉంటుంది.